ఆవు ఒప్పుకోని రంపం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ సంగతైనా అందరూ కలిసే తేల్చేవాళ్ళు. అందరూ అంటే అమ్మ, తమ్ముడు, మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం ఇంటికొచ్చే నాన్న, వీళ్ళందరి కంటే గట్టిగా మా ఆవు. నా మాట వంతు వచ్చేసరికి అన్నం వేళయ్యేది, అందరూ లేచిపోయేవాళ్ళు. ఇనుము కోసే రంపం ఒకటి కొనుక్కోబోయి ఈ సంగతి నేను బాగా తెలుసుకున్నాను. ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను గానీ, కడుపులో మంట పూర్తిగా చల్లారిందని మాత్రం అనుకోకండి.

ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని, కుప్పం దగ్గర ఒక కంపెనీలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ ఆడపిల్లల్ని మిషన్ల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, కొలతలు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. (వంట నేర్చుకుని వచ్చినదాన్ని విస్తళ్ళు సర్దమన్నట్టు.) విసుగొచ్చి ఆ పని మానేసి చౌడేపల్లె దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఇంటి వెనక రేకుల కొట్టంలో సగం ఆవుది, మిగతా సగంలో సొంతంగా గేట్లు, కిటికీలు చేసుకుంటానన్నాను. మా ఊరి చర్చి అయ్యగారు నా మీద నమ్మకముంచి చర్చి గేటు పని నాకే ఇచ్చారు. ఈస్టరు నాటికి అది నిలబెడితే ఊళ్ళో పనులు వాటంతటవే వస్తాయి. నిలబెట్టలేకపోతే మళ్ళీ కుప్పం బల్ల దగ్గరికే పోవాలి. అమ్మ అంతవరకే గడువిచ్చింది.

రంపం కొనడానికి తమ్ముడి బండి మీద మదనపల్లె పోయాం. తమ్ముడు డిగ్రీ తప్పి, బండికి సైలెన్సరు పీకేసి, దాని మీద తిరుగుతూ ఫోనులో వీడియోలు తీసుకునేవాడు. షాపాయన వాణ్ణి చూసి, “ఏం పనికప్పా?” అన్నాడు. “గేటుకు. పల్చటి స్క్వేరు పైపు కోయాల,” అన్నాను నేను. “పల్చటి పైపా అప్పా?” అన్నాడు మళ్ళీ వాడితోనే. వాడు ఫోనులోంచి తలెత్తితే కదా.

నా కళ్ళు మూలనున్న బ్యాండ్ సా మీద ఉన్నాయి. రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం అది. నింపాదిగా, పెద్ద చప్పుడు లేకుండా కోస్తుంది, తెగిన అంచు నున్నగా ఉంటుంది. దాని పక్కనే కటాఫ్ మిషను. దానికి పళ్ళుండవు, రాయి చక్రం గిర్రున తిరిగి ఇనుమును అరగదీసి తెంపుతుంది, చప్పుడుకు చెవులు గళ్ళు పడతాయి. షాపాయన రెండూ నడిపి చూపించాడు. కటాఫ్ మిషను నిప్పురవ్వలు చిమ్మగానే తమ్ముడు లేచి వీడియో తీసుకున్నాడు. బ్యాండ్ సా నడుస్తుంటే ఆవలించాడు. “ఇది కోస్తాంటే కోసినట్టే లేదక్కా. పని జరగతాండాదని నలుగురికీ తెలియొద్దా?” అన్నాడు. నేను ఒప్పుకోకపోతే అమ్మకు ఫోన్ కొట్టాడు. అమ్మ నాతో, “తమ్ముడు సెప్పింది తీసుకో పాపా. మొగపిల్లోడు, మిషన్ల సంగతి వాడికి తెలిసినట్టు నీకు తెలస్తాదా?” అంది. నా చేతిలో ఐటీఐ సర్టిఫికెట్టు, నా సంచిలో నా జీతం డబ్బు. కటాఫ్ మిషను కొని తెచ్చుకున్నాం.

ఆ సాయంత్రమే మొదటి పైపు కోశాను. కొట్టం అవతలి సగంలో అమ్మ పాలు పిండుతోంది. మిషను కీచుమనగానే మా ఆవు ఎగిరి తన్నింది, బకెట్ పోయి గోడకు తగిలింది. తర్వాత అమ్మ ఎంత నిమిరినా, ఎంత ప్రార్థన చేసినా అది చేపలేదు. (చేపడమంటే పాలు పొదుగులోకి దించడం. అది ఆవు దయ, మనం బతిమాలుకోవాల్సిందే.) “ఇంగ పాలు పిండే యాల మిషను ముట్టొద్దు,” అంది అమ్మ. మర్నాటికి పిండబోయే ముందు కూడా వద్దంది. ఆ తర్వాత మేత మేసేటప్పుడు, నెమరేసేటప్పుడు. ఆవు నెమరేయని సమయం ఏముంటుంది? పగలంతా దాన్ని బయట కానగ చెట్టుకు కట్టేద్దామన్నాను. “ఎండకు కట్టేస్తావా దాన్ని? నాలుగు నోళ్ళకు అన్నం పెడతాండాది అది. నీ మిషను ఏం పెట్టింది?” అంది. పాలిచ్చే గొడ్డు తన్నినా పడాలంటారు కదా, పడ్డాను. మిషను మార్చుకుందామని మదనపల్లె పోతే షాపాయన వాడిన సరుకు తీసుకోనన్నాడు. ఆ మాట కూడా తమ్ముడితోనే చెప్పాడు.

చివరికి చేతి రంపం పట్టుకున్నాను. మా వైపు దాన్ని ఆక్సా అంటారు. అది కర్రుకర్రుమంటుంటే మా ఆవు కళ్ళు సగం మూసి హాయిగా నెమరేసేది. పైపులకేమో మూలలు ఏటవాలుగా తెగాలి, చేత్తో కోస్తే ఒక్కోటీ ఒక్కో తీరుగా తెగేది, మళ్ళీ ఆకురాయితో అరగదీసి సరిచేయాలి. భుజం వాచింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం నాటికి గేటు రెండు తలుపుల్లో ఒకటే అయింది. అయ్యగారు వచ్చి ఆ ఒక్క తలుపునూ తడిమి చూశారు. “సంఘపెద్దలు పుంగనూరులో సేయిస్తామంటాండారమ్మా. నువ్వేమీ అనుకోవద్దు,” అన్నారు. అనుకోనన్నాను. అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

కుప్పం పోయే రోజు పొద్దున అమ్మ పాలు పిండుతోంది. నన్ను పుంగనూరు బస్టాండులో దింపడానికి తమ్ముడు బండిని కొట్టంలోనే, ఆవు పక్కనే స్టార్ట్ చేశాడు. రేకులు అదిరాయి. నేను సంచి పట్టుకుని ఆవునే చూశాను. అది చెవి కూడా కదపలేదు. బకెట్లో పాలధార ఆగలేదు.

“అమ్మా, ఇప్పుడెట్లా సేపింది?” అన్నాను.

“తమ్ముడి బండి శబ్దం దానికి అలవాటే గదా పాపా.”

“నా మిషను కూడా అలవాటయ్యేది గదమ్మా, నాలుగు దినాలు ఓర్చుకోనుంటే.”

“బస్సు పోతాది, బిరీన పో,” అంది అమ్మ, తలెత్తకుండానే. బండి మీద పుంగనూరు దాకా ఏడ్చాను. ఆ బండి చప్పుడులో తమ్ముడికి వినబడలేదు. ఆ బండి వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే.

ఇప్పుడు మదనపల్లెలో, నిమ్మనపల్లె రోడ్డు మీద కుప్పం జీతం కూడబెట్టి పెట్టుకున్న సొంత షెడ్డుంది నాకు. అందులోకి మొట్టమొదట కొన్నది బ్యాండ్ సా, ఎవర్నీ అడక్కుండా కొన్నాను. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆవును అమ్మేసి నా దగ్గరికి వచ్చేసింది. మొన్నొకరోజు షెడ్డులో కుర్చీ వేసుకుని, రంపం మెల్లగా పైపులోకి దిగుతుంటే చూస్తూ కూర్చుంది.

“ఎంత నెమ్మదిగా కోస్తాండాదే ఇది. ఆ పొద్దే దీన్ని కొనుక్కోనుంటే సరిపోయేది గదా పాపా, ఎందుకు కొనలేదు?” అంది.

నాకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఆమె ముఖంలోకి చూస్తే నిజంగానే అడుగుతోంది.

“ఆవు ఒప్పుకోలేదమ్మా,” అన్నాను.

అమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ, “గొడ్డు గదా పాపా, దానికేం తెలుసు,” అంది.

నేను నవ్వేసి ఇంకో పైపు బిగించాను. బొబ్బలెక్కిన చేతులతో ఆక్సా లాగుతూ కూర్చున్న ఆ పిల్ల ఎదురుగా వస్తే, ముందు ఆవును తీసుకుపోయి కానగ చెట్టుకు కట్టెయ్ తల్లీ, అమ్మను తర్వాత అడుగుదువు గానీ అని చెప్పాలనిపించింది.