దయ్యానికి నచ్చని పేరు

సువర్ణకుమారి చివరగా చేసిన మామూలు పని మినప్పప్పు నానబోయడం. "సాయంత్రం నేనొచ్చాక రుబ్బుతాను. నువ్వు ముట్టుకోకే, నీ చేతిలో అట్లు అప్పడాలైపోతాయి" అని భానుశ్రీని దెప్పి, సంచి తగిలించుకుని బయల్దేరింది. బస్టాపులోనే తలలో నరం చిట్లింది. ఇరవై నాలుగేళ్ళు.

ఆస్ట్రేలియాలోని మాసన్ లేక్స్‌లో యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఇంట్లో ఇద్దరూ రెండేళ్ళు కలిసి ఉన్నారు. నరసాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన సువర్ణది టీచరు చదువు, కరీంనగర్ పిల్ల భానుశ్రీది కంప్యూటర్లు. ఇప్పుడు ఎవరైనా సువర్ణ గురించి అడిగితే భానుశ్రీకి ముందుగా గుర్తొచ్చేది ఆమె పోవడానికి ముందటి అక్టోబరు.

ఆ నెలంతా సువర్ణ దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో మూడో తరగతికి ప్రాక్టీసు పాఠాలు చెప్పింది. గొంతు చిన్నది. ఆమె మాట వెనక వరసకు చేరేలోపే పిల్లలు కబుర్లలో పడేవారు. నెలాఖరున, హాలోవీన్ పండక్కి వేసే దయ్యాల వేషాలు ఎలా పుట్టాయో చెప్పమన్నారు స్కూలువాళ్ళు. అదే ఆఖరి పాఠం. అందులో తప్పితే ఏడాది చదువు నీళ్ళపాలేనని ఆమె భయం.

భానుశ్రీని వంటింట్లో కూర్చోబెట్టి నోట్సు చదివింది. పూర్వం ఐర్లాండులో పంటలు ఇంటికి చేరి, చలి చీకట్లు మొదలయ్యే వేళ చనిపోయినవాళ్ళు తిరుగుతారని నమ్మేవారట. వాళ్ళు తమను పోల్చుకోకుండా జనం తోళ్ళు కప్పుకుని, ముసుగులు వేసుకునేవారట.

"ఏందే, వార్తలు చదివినట్టు! నాకే నిద్రొస్తాంది" అంది భానుశ్రీ. "పైగా ఇక్కడ అక్టోబర్‌ల ఎండ కొడ్తది. దయ్యాలు సన్‌స్క్రీన్ పూస్కొని తిరుగుతయా?"

సువర్ణ నవ్వలేదు. నోట్సు మూసి, ఉల్లిపొట్టు తీస్తూ తన ఊరి సంగతి ఎత్తింది.

"మా పక్కింటోళ్ళకి పిల్లలు పుట్టినోళ్ళు పుట్టినట్టే పోయేవోరు. నాలుగో పిల్ల పుడితే చేటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టి, మళ్ళీ తెచ్చుకుని పెంటమ్మని పేరెట్టారు. అంత పాడు పేరున్న పిల్లని చూసి చావు కూడా మొహం తిప్పుకుని పోద్దని. అదీ వేషమేగా?"

"అబ్బ, ఇది చెప్పవే తల్లీ! క్లాస్‌ల ఇదే చెప్పు."

పాఠం రోజున క్లాసు టీచరు జూడీ వెనక కుర్చీలో కూర్చుంది. సువర్ణ ముందు ఐర్లాండు సంగతి, తర్వాత పెంటమ్మ కథ చెప్పి, దయ్యానికి నచ్చని పేరు ఎవరికి వాళ్ళు పెట్టుకోమంది.

"నేను చెత్తడబ్బా!"

"నేను కంపు సాక్సు!"

"మిస్, నేను మా చెల్లి పేరు పెట్టుకుంటా!"

గది అదిరిపోయింది. కరోలిన్ అనే పాప మాత్రం పెన్సిలు ముట్టలేదు. వాళ్ళ తాత పోయి అప్పటికి నెలన్నర.

"పేరు మార్చుకుంటే తాత నన్నెలా కనుక్కుంటాడు, మిస్?"

అందరూ అటు తిరిగారు. సువర్ణ వెళ్ళి ఆ పాప పక్కన నేల మీద కూర్చుంది. పెద్ద గొంతుతో పని పడలేదు.

"ఈ పేర్లు మనల్ని ఎరగనివాళ్ళ కోసం. ఊరంతా పెంటమ్మా అని పిలిచినా, వాళ్ళమ్మమ్మ ఆ పిల్లని వీధి చివర నడక చూసే పోల్చుకునేది. మనవాళ్ళ దగ్గర ఏ వేషమూ సాగదు."

పాప ఆలోచించి, 'బూజు పట్టిన బ్రెడ్డు' అని రాసుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి సువర్ణ చెప్పులు విడవకుండానే ఇదంతా భానుశ్రీకి చెప్పింది. "ఫెయిల్ చేస్తే చెయ్యనీవే భానూ. మళ్ళీ చదువుతాను. నేను టీచర్నే, నాకు తెలిసిపోయింది" అంది.

పాసైంది. మిగిలిన చదువంతా గొంతు పెంచకుండానే పాఠాలు చెప్పింది.

చర్చిలో ఆమె జ్ఞాపక కూటానికి జూడీ వచ్చింది. ఆ పాఠానికి సువర్ణను పాస్ చేసినందుకు భానుశ్రీ ఆమె చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది. జూడీకి ముందు అర్థం కాలేదు.

"ఆ పాఠానికి మార్కులే లేవమ్మా" అంది. "ఆమె పాసైందని నేను యూనికి రాసి పంపింది అంతకు తొమ్మిది రోజుల ముందే."