కాటా రూములో పంచాయితీ

మా చెల్లెలితో నేను ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఎమ్మిగనూరులో దాని ఇంట్లో ఉన్న అమ్మ ఒక మధ్యాహ్నం పోయింది. ఆదోనిలో ఉన్న నాకు అంతా అయిపోయాక ఫోను వచ్చింది. పొద్దున్నుంచే ఆయాసమట. బస్సెక్కితే గంటలో వాలేదాన్ని. నన్ను పిలవకపోవడం ఎంత తప్పో దినాల్లో అందరి ముందూ కడిగేశాను. అది నోరు విప్పలేదు. విప్పలేదంటే ఒప్పుకున్నట్టేనని అక్కడికక్కడే తీర్పు కూడా ఇచ్చేసుకున్నాను.

ఆ తర్వాత ఎవరు ఎదురైతే వాళ్లతో గొడవ. నేను పనిచేసే పత్తి మిల్లులో హమాలీలు సైతం నన్ను చూసి పక్కకు తప్పుకునేవాళ్లు. కర్నూలులో చదివే మా పాప విసిగిపోయి, "నాకు సెప్పొద్దు, ఈమెకు సెప్పుకో" అని ఫోన్లో కౌన్సెలింగ్ యాప్ ఒకటి పెట్టి ఇచ్చింది.

ఇంట్లో గోడకు అవతల తోడికోడలు. అందుకని మిల్లులో లారీలు తూకం వేసే కాటా రూము చూసుకున్నాను. భోజనాల వేళ ఖాళీగా ఉంటుంది, లోపల గడియ కూడా ఉంది. మొదటి గురువారం ఫోన్లో కనబడిన అమ్మాయిది కృష్ణా జిల్లా మాట. జరిగిందంతా వేళలతో సహా చెప్పి, "ఇప్పుడు సెప్పు తల్లీ, తప్పు ఎవరిది?" అన్నాను.

"తప్పొప్పులు నేను తేల్చనండి. ఆ ఫోను వచ్చినప్పుడు మీకెలా అనిపించింది?"

"అనిపించేదేముంది? కోపమొచ్చింది. తప్పు ఎవరిదో సెప్పు."

చెప్పలేదు. తర్వాతి గురువారమూ చెప్పలేదు. విచిత్రం, ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఇంత చదువుకుని తీర్పు చెప్పకుండా కూర్చోవడం ఏం ఉద్యోగమో తెలుసుకోవాలనిపించింది. నాలుగో వారానికి నాకే అంతుపట్టింది. మా వైపు ఏ పెద్దమనిషీ ఒక పక్క మాట విని తీర్పు చెప్పడు. రెండు పక్షాలూ ఎదురుగా ఉండాలి. ఈమెదీ అదే పద్ధతి, మర్యాదకు బయటికి అనలేకపోతోంది అనుకున్నాను.

ఎమ్మిగనూరులోనే ఉండే మా మేనమామ ద్వారా చెల్లెలికి కబురు పెట్టాను. గురువారం ఒంటిగంటకు కాటా రూములో పంచాయితీ, రమ్మని. వచ్చింది. పంచాయితీకి ఒంటరిగా ఎవరూ రారు కాబట్టి తన తరఫున ఆ మామనే వెంటబెట్టుకొచ్చింది.

"ఓహో, మామ నీ పార్టీనా?" అన్నాను.

"నేను ఏ పార్టీ కాదు. ముందు కుర్చీ ఎయ్యి, మోకాళ్లు నొస్తాండాయి," అన్నాడు మామ.

పత్తి దూది పేరుకున్న కిటికీకి ఫోను ఆనించి పెట్టాను. మూడు ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసింది ఆ అమ్మాయి.

"ఇది మీ ఒక్కరి కోసం పెట్టుకున్న సమయమండి. ముందే చెప్పి ఉంటే బాగుండేది," అని నాతో అని, చెల్లెలిని అడిగింది. "మీకు ఇక్కడ ఉండటం ఇష్టమేనా? ఇబ్బందైతే వెళ్లిపోవచ్చు."

"వచ్చినా గదమ్మా, ఉంటా."

మామ ముందుకు వంగాడు. "ఏమ్మా, తప్పు ఎవరిదో సెప్పవంట, ఇంగ నువ్వు సేసేదేమి?"

"వింటానండి."

"వినేదానికి మా ఇంట్లో శానామంది ఉండారు."

ఆ మాట నేనే అనాల్సింది. మామ అనేసరికి మాత్రం అబద్ధమని తోచింది. మా ఇంట్లో వినేదెవరు? అందరం మా వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాళ్లమే.

అమ్మాయి నా వైపు చూసింది. "పిలవలేదని నెల రోజులుగా నాకు చెబుతున్నారు. ఎందుకు పిలవలేదని ఆమెను ఎప్పుడైనా అడిగారా?"

"అడగకుండా ఉంటానా?" అని, ఆగిపోయాను. నిలదీశాను, తిట్టాను. అడగలేదు.

"ఎందుకు పిలవలేదు?" అన్నాను చెల్లెలితో.

అది మామను చూసింది. మామ నేల చూశాడు. ఆయనకూ తెలుసన్నమాట.

"అమ్మే వద్దనింది. మీ అక్క వస్తే డాక్టరుతో కొట్లాడతాది, నాతో కొట్లాడతాది, ఈ పూట నన్ను ఊరకుండనీ, రేపు పిలుద్దువులే అనింది. రేపు ఉంటాదనే నేనూ అనుకున్నా అక్కా."

"దినాల్లో ఎందుకు సెప్పలేదు?"

"అంతమంది ముందర నీకు ఆ మాట సెప్పేదా?"

కాలేజీలో చదివిన రోజుల నుంచీ ఎవరేమన్నా నా దగ్గర ఎదురు మాట సిద్ధంగా ఉండేది. ఆ మధ్యాహ్నం మాత్రం తీర్పు కోసం ఫోను వైపు చూశాను. ఆ అమ్మాయి ఊరికే వింటోంది. అలా వినడం ఎంత పనో అప్పుడు కనబడింది నాకు.

మామ గొంతు సవరించుకున్నాడు. "అయితే తప్పు..."

"నువ్వు ఊరకుండు మామా," అన్నాం ఇద్దరం ఒకేసారి.

చెల్లెలి పక్కకు కుర్చీ లాక్కున్నాను. "ఆ పొద్దు ఏం తినింది?"

"ఏమీ తినలేదు. పదిగంటలప్పుడు మజ్జిగ తాగింది."

అమ్మ మజ్జిగ ముట్టదు, అబద్ధం, అనబోయాను. బయట లోడు లారీ హారన్ కొడుతోంది.

"ఎంత తాగింది?" అని అడిగాను.