తువ్వాల కింద గేమింగ్ కంప్యూటర్

"బాబుకా మేడమ్?"

ఆ నెల రోజుల్లో నన్ను ఈ మాట అడగని దుకాణదారు లేడు. గేమింగ్ కంప్యూటర్ కావాలని అనగానే వాళ్ల చూపు ముందు నా తెల్ల వెంట్రుకల మీద వాలేది. తర్వాత నా వెనక ఎవరైనా పిల్లవాడు నిలబడ్డాడేమోనని గుమ్మం దాకా వెళ్లొచ్చేది. నాకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురికి కంప్యూటరంటే ఆఫీసు తలనొప్పి. ఆ కంప్యూటర్ నాకే. నేను వనపర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను, ఇంటికొచ్చి లారీ తోలుతాను.

లారీ అంటే ఆటలో లారీ. వేసవి సెలవుల్లో మా అన్న కూతురు నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి చూపించింది. మంచుకొండల మధ్య ఘాట్ రోడ్డు, వెనక ఇరవై టన్నుల లోడు, పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీ సీటు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే నాకు కారు తోలడం వచ్చు, లైసెన్సూ ఉంది. కానీ నేను స్టీరింగ్ పట్టుకున్నానంటే పక్కన కూర్చున్న మావారి కుడి చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి పోతుంది. ఊరు దాటేదాకా అక్కడే ఉంటుంది. పన్నెండేళ్లుగా ఇదే వరస. ఆయన బడిలో హెడ్మాస్టర్. కారులో కూడా.

ల్యాప్‌టాప్ పాపం ఎంతని లాగుతుంది? ఘాట్ ఎక్కేసరికి లారీ కదలడం మానేసి పెళ్లి ఆల్బంలో ఫొటోల్లాగా ఒక్కొక్క బొమ్మే వచ్చేది. ఆటల కోసమే బిగించి అమ్మే రెడీమేడ్ డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కుంటానని ఒక ఆదివారం ప్రకటించాను. మావారు పేపర్ దించలేదు.

"మోసపోతవ్."

"నేనా?"

"నువ్వే. నోరున్నంత మాత్రాన బేరం రాదు."

"మీకు వచ్చేమో! మొన్న మీరు తెచ్చిన మిక్సీ చట్నీ తప్ప అన్నీ చేస్తుంది."

పేపర్ దిగింది. "అయితే పందెం. చెడ్డది కొన్నా మోసపోయినట్టే, మంచిదానికి ఎక్కువ పెట్టినా మోసపోయినట్టే. నువ్వు మోసపోతే ఏడాది పాటు ఈ ఇంట్ల నేనేం కొన్నా నోరు తెరవొద్దు. వంకాయలు గూడ."

"నేను గెలిస్తే?"

"ఏం గావాలె?"

"నేను కారు తోలేటప్పుడు మీ చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి రావొద్దు."

ఆయన చాలాసేపు కిటికీలోంచి కారు వైపు చూశారు. ఏడాది పాటు నేను నోరు మూసుకుని ఉండే దృశ్యం కళ్ల ముందు ఆడినట్టుంది. "సరే," అన్నారు.

సలహా కోసం నేను నేరుగా గద్వాల పోయాను. అక్కడ నా చిన్నప్పటి నుంచి తెలిసిన చాచా ఉన్నాడు. మొదట రేడియోలు బాగుచేసేవాడు, ఆ తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. మా నాయన రేడియోను కనీసం పదిసార్లు బతికించిన చెయ్యి అది. నేను చెప్పింది విని ఆయన అందరిలాగా ఎవరికని అడగలేదు.

"ఏం ఆట బేటీ?"

"లారీ తోలేది చాచా."

"ఘాట్ ఉంటదా?"

"ఉంటది. వాన గూడ కురుస్తది."

"అయితే గ్రాఫిక్స్ కార్డు జర గట్టిగుండాలె." కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "ఇను. రెడీమేడ్‌ది కొనేటప్పుడు కనబడేది ఇడిసిపెట్టు, కనబడంది అడుగు. ప్రాసెసర్ పేరు ప్రతొక్కడు చెప్తడు. కరెంటిచ్చే డబ్బా ఉంటది, ఎస్ఎంపీఎస్ అంటరు, దాని సంగతి ఎవ్వడు చెప్పడు. ఖర్చు తగ్గించుకునేది ఆడనే. అది పోతే పోతా పోతా పక్కదాన్ని గూడ తీస్కపోతది. ర్యామ్ పట్టీ ఒక్కటే ఉన్నదా, రెండున్నయా చూడు. రెండుంటే మంచిది. కార్డు పేరు పూర్తిగ రాసిమ్మను. సగం పేరు చెప్పి పాతది అంటగడ్తరు. గంటసేపు ఆడి, డబ్బా మీద చెయ్యి వెట్టి చూడు. అన్నిటికంటె ముందు మూత తియ్యమను. తియ్యనోనితోని మాటలే వద్దు."

ఇదంతా పాత ప్రశ్నపత్రం వెనక రాసుకున్నాను. రాసుకుంటుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది గద్వాల దగ్గర గట్టు దిక్కు, మెట్ట సేద్యం. ఎడ్లు కొనాలంటే నాయన పెబ్బేరు సంతకు పోయేవాడు, నేనూ వెంటపడేదాన్ని. కొమ్ములకు నిగనిగలాడే రంగు పూసిన ఎద్దు కనబడితే ఆయన ముందు వంగి గిట్టలు చూసేవాడు. నచ్చిన ఎద్దును నచ్చిందని చచ్చినా అనేవాడు కాదు. దాని తోక దగ్గర నుంచి మొదలుపెట్టి మూతి దాకా తిట్టేవాడు. తిట్టి, చెయ్యి దులుపుకుని వెళ్లిపోయేవాడు. అమ్మేవాడు వెనక నుంచి పిలవాలి. అది సంత మర్యాద. పిలిచాక తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్లు, పక్కవాడికి తెలియకుండా. అక్కడికి మాత్రం నన్ను రానిచ్చేవాడు కాదు. "ఆడపిల్లవు, ఇవతల నిలబడు," అనేవాడు. ఆ తువ్వాల కింద ఏం జరుగుతుందోనన్న కడుపుమంట నాకు ఇంకా చల్లారలేదు.

వనపర్తిలో మొదటి దుకాణానికి మావారు కూడా వచ్చారు, నేను మోసపోవడం కళ్లారా చూడాలని. దుకాణదారు నలభై ఏళ్ల మనిషి. నల్లటి సీపీయూ డబ్బా ఒకటి చూపించాడు. రంగురంగుల లైట్లు లేవు, అద్దాలు లేవు. నేను కాగితం తీసి చదవడం మొదలుపెట్టగానే స్క్రూ డ్రైవర్ అందుకుని తనే మూత తీశాడు. ఎస్ఎంపీఎస్ మీది పేరు చూపించాడు. ర్యామ్ పట్టీలు రెండున్నాయి. కార్డు పేరు పూర్తిగా రాసిచ్చాడు. నా గుండెలో అప్పటికే లారీ స్టార్టయింది.

అంటే ఇక తిట్టాలన్నమాట.

"ఏంది, ఇది కంప్యూటరా, ధాన్యం డబ్బానా?" అన్నాను. "ఫ్యాన్ చూడు, పిండి గిర్నీ లెక్క మోగుతుంది. గీ వైర్లేంది, పేగుల్లెక్క! ఊకె ఇచ్చినా ఇంట్ల యాడ వెట్టుకోవాలె దీన్ని?"

అతను మూత బిగించుకుంటూ వింటున్నాడు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని బయటికి నడిచాను. మావారు వెనక పరుగెత్తుకొచ్చారు.

"మంచిగనే ఉంది గదనే! ఎందుకట్ల దుమ్మెత్తి పోసినవ్?"

"మీకు తెల్వదు. పిలుస్తడు చూడుండ్రి."

ఎదురుగా మిర్చి బండి ఉంది. దుకాణం కనబడేలా నిలబడి ఒక ప్లేటు తిన్నాం. పిలవలేదు. రెండో ప్లేటు చెప్పాను. అతను బయటికొచ్చాడు, నేను మొహం అటు తిప్పుకున్నాను. అతను గుమ్మం ముందు నీళ్లు చల్లి లోపలికి పోయాడు.

"పిలిచిండా?" అన్నారు మావారు, మిర్చి కొరుకుతూ.

"కారం ఎక్కువైంది, పోదాం పాండ్రి."

మరుసటి ఆదివారం నాగర్‌కర్నూల్ పోయాం. అక్కడ జిరాక్స్ సెంటర్ నడిపే మా మరిదికి కంప్యూటర్లన్నీ తెలుసని మా అత్తింటి నమ్మకం. అతను తన దోస్తు దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి డబ్బా చూస్తే కళ్లు చెదిరాయి. మూడు పక్కలా అద్దాలు, లోపల ఏడు రంగుల లైట్లు గిరగిరా తిరుగుతున్నాయి. పీర్ల పండుగకు అలంకరించినట్టుంది.

"ఎట్లుంది వదినా?" అన్నాడు మరిది, తనే కన్నట్టుగా.

"కొమ్ముల రంగు బాగుంది. మూత తియ్యమను."

దోస్తు ఉలిక్కిపడ్డాడు. "సీల్ ఉంది మేడమ్. తీస్తే వారంటీ పోతది."

"ర్యామ్ ఎన్ని పట్టీలు?"

"పదహారు జీబీ మేడమ్."

"ఎంతని అడగలే. ఎన్ని పట్టీలని అడిగిన."

"కార్డు మస్తుంటది మేడమ్, బాబు ఏ ఆటైనా..."

"బాబు లేడు. నేనే ఆడ్త. పెట్టు."

హార్డ్ డిస్క్‌లో వేసుకుని తీసుకెళ్లిన ఆట పెట్టించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి పావుగంట లారీ సాఫీగా పోయింది. ఘాట్ మొదలైంది, వాన పడింది, మంచు కురిసింది, మూడో మలుపులో లారీ నిలబడిపోయింది. మళ్లీ కదిలింది, మళ్లీ నిలబడింది. డబ్బా మీద చెయ్యి పెడితే రొట్టె కాల్చుకోవచ్చు.

"ఎండకాలం గద వదినా," అన్నాడు మరిది.

"మంచు కురుస్తుంది ఆడ, చూడు," అని స్క్రీన్ చూపించాను.

మరిది నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అది వేరే సంగతి. ఆ సాయంత్రం ఇంటికి రాగానే గద్వాలకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. చాచా అంతా విని ఒక్కటే అడిగాడు.

"బేటీ, అడగకముందే మూత తీసినోడు ఎవడు?"

"వనపర్తాయన."

"మరి నాగర్‌కర్నూల్ ఎందుకు పోయినవ్?"

తిట్టి వచ్చిన దుకాణానికి మళ్లీ పోవడమంటే నాలాంటి దానికి పళ్లు పీకించుకున్నంత పని. పోకపోతే ఏడాది పాటు వంకాయల దగ్గర మౌనం. పక్క సీటులో చెయ్యి ఎటూ ఉండనే ఉంది. పోయాను, మావారు వెంట రాగా.

"నమస్తే మేడమ్," అన్నాడు దుకాణదారు, లేచి నిలబడి. "ధాన్యం డబ్బా కోసమా?"

మావారికి దగ్గొచ్చింది.

"ఉన్నదా?" అన్నాను గంభీరంగా.

"నిన్ననే ఇద్దరు అడిగి పోయిండ్రు."

దుకాణమంతా కళ్లతో వెతికాను. అప్పుడే మూలన, తువ్వాల కప్పి ఉన్న డబ్బా కంటబడింది. "ఆ తువ్వాల కిందేముంది?"

"పిండి గిర్నీ," అన్నాడు. అని ఇక ఆపుకోలేక నవ్వాడు. "మాది పెబ్బేరు మేడమ్. మా నాయిన ఎడ్ల బ్యారం చేసెటోడు. నచ్చనోళ్లు ఊకె చూసి పోతరు. గంటసేపు నిలబడి తిట్టినోళ్లు యాడికి పోరు, మళ్ల వస్తరు. మీ కోసమే పక్కకు వెట్టిన."

"మరి ఆ రోజు పిలవకపోతివి! ఉసురుమంటూ మిర్చి తింటిమి!"

"నేను పిలిస్తే నేను తగ్గాలె. మీరొస్తే మీరు తగ్గాలె. ఎరుకలేదా మేడమ్?"

మా నాయన తర్వాత నన్ను బేరంలో ఓడించింది ఇతనొక్కడే. కానీ ఆట ఇంకా అయిపోలేదు. గంటసేపు లారీ తోలాను. ఘాట్, వాన, మంచు, చీకటి సొరంగం. ఎక్కడా నిలబడలేదు. దుకాణానికి వచ్చినవాళ్లు వచ్చిన పని మరిచిపోయి నా వెనక చేరారు. "అక్కా, లెఫ్ట్, లెఫ్ట్!" అని ఒకాయన అరిచాడు. డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

ఇక ధర. మావారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఎంతకు కొన్నానో తెలిస్తే చాలు, పదిమందిని అడిగి నేను మోసపోయానని తేల్చగలరు. ఆయన చేతిలో పెన్ను కూడా ఉంది.

నేను మూలనున్న తువ్వాల తీసుకొచ్చి బల్ల మీది క్యాలికులేటర్ మీద కప్పాను. "మీ నాయిన వేళ్లు పట్టి చెప్పెటోడు గద. మనకు ఇది చాలు."

దుకాణదారు ఒక క్షణం తెల్లబోయి, వెంటనే కుర్చీ సర్దుకున్నాడు. ముందు అతను చెయ్యి దూర్చి నొక్కాడు. నేను తువ్వాల అంచు ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపి, నా అంకె నొక్కాను. అతను చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏంది మీ నాటకం? నాకు కనబడొద్దా?" అన్నారు మావారు.

"సంతల పక్కోనికి కనబడదు."

"నేను పక్కోణ్నా?"

"బేరమైనంక మళ్ల నా మొగుడే. జర ఇవతల నిలబడుండ్రి."

ఐదుసార్లు చేతులు దూరాయి. తేలింది. ఫోన్‌లో డబ్బు పంపి, బిల్లును కవరులో పెట్టి అంటించమన్నాను. ఆ కవరు ఇప్పుడు నా కాలేజీ బీరువాలో ఉంది. చివరిగా నిలిచింది ఎవరి అంకె అన్నది మీకూ చెప్పను; ఇది మావారు చదువుతారు.

ఇంటికొచ్చే దారిలోనే వాదన మొదలైంది.

"ధర చెప్పకపోతే నువ్వు గెలిచినట్టు ఎట్ల?"

"నేను మోసపోతే మీరు గెలిచినట్టు. మోసపోయిన్నని చూపెట్టుండ్రి."

"ధర తెల్వంది ఎట్ల చూపెట్టాలె?"

"అది మీ కష్టం."

వారం రోజులు ఆయన దొంగచాటుగా ప్రయత్నించారు. దుకాణానికి ఫోన్ కూడా చేశారు. "సంత మాట బయట చెప్పొద్దు సార్," అన్నాడట అతను. ఎనిమిదో రోజు పొద్దున కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టారు.

చాచాకు మిఠాయి ఇవ్వడానికి గద్వాల బయల్దేరాం. తోలింది నేనే. మావారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలాగా. పెబ్బేరు దాటింది. చేతులు కదల్లేదు. బీచుపల్లి వంతెన మీద కర్ణాటక బస్సు ఒకటి మమ్మల్ని రాసుకుంటూ దాటిపోయింది. నేను ఓరకంట చూశాను. చేతులు తొడల కిందే ఉన్నాయి. కుడి కాలు మాత్రం లేని బ్రేకును బలంగా తొక్కుతోంది, బూటు కింది మ్యాట్ ముడుచుకుపోయేంతగా.

చూడనట్టే గేరు మార్చాను నేను. పందెంలో కాలి సంగతి మాట్లాడుకోలేదు కదా.