సైకిల్ పందెం, స్టీలు బిందె

ఆ రోజుల్లో నాకో గొప్ప నమ్మకం ఉండేది. లోకంలో ఎంతటి అన్యాయమైనా సరే, నలుగురి ముందు గట్టిగా అడిగితే చక్కబడుతుందని. ఇరవై రెండేళ్ళ వయసులో నమ్మకాలకేం కొదవ! ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం కొత్తగా లేచిన కాలం అది. మెట్రో ఊసే లేదు. చౌరస్తాలో బస్సులన్నీ ఎక్కడ పడితే అక్కడ ఆగేవి, నేనెక్కాల్సిన నాచారం బస్సు తప్ప. (దానికి నా మీద ఏదో పాత కక్ష ఉండేదని ఇప్పటికీ నా అనుమానం.) నాచారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో నా ఉద్యోగం. పొద్దున ఏడింటికి షిఫ్టు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం పోయినట్టే. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ బాపుది, అంటే మా నాన్నది. ఆయనకు రెండో షిఫ్టు పడిన వారం సైకిలు నాది, మొదటి షిఫ్టు పడిన వారం నా బతుకు ఆ బస్సుది. అందుకే నాకు సొంత సైకిలు కావాలి. చౌరస్తాలోని సైకిల్ షాపు ముందు ఎర్రటి లేడీస్ సైకిలు ఒకటి, ముందు బుట్టతో సహా, ఆరు నెలలుగా నాకోసమే నిలబడి ఉంది. ధర రెండు వేల ఎనిమిది వందలు. జీతం ఇంట్లో ఇచ్చేశాక నా దగ్గర మిగిలే డబ్బుతో దాని గంట మాత్రం కొనగలను.

అటువంటి సమయంలో మా బస్తీ యువజన సంఘంవాళ్ళ కాయితం ఒకటి మా గుమ్మంలోకి వచ్చి పడింది. (సంఘం అధ్యక్షుడికి అప్పటికే యాభై నాలుగేళ్ళు. యువజనమే.) ఆయనకు చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది, అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆయన గిన్నెల మామ. ప్రతి ఏడూ మగవాళ్ళకు మాత్రమే పెట్టే సైకిల్ పందెం ఈసారి ఆడవాళ్ళకు కూడా పెడుతున్నారట. మొదటి బహుమతి మూడు వేలు. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది గానీ, మూడు వేలు కనబడ్డాక చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? మా అన్న కూడా పేరిచ్చాడు. వాడు స్నేహితుడి గేర్ల సైకిలు అడిగి తెచ్చుకుంటే, నాకు బాపు సైకిలే గతి. నడుమ కడ్డీ, వెనక పాల క్యాన్లు కట్టుకునేంత క్యారియరు, తొక్కితే మూలిగే పెడళ్ళు.

పోలీసులు పర్మిషన్ ఒక్క గంటకే ఇచ్చారు కాబట్టి ఆడా మగా అందర్నీ ఒకేసారి వదిలారు. ఉప్పల్ నుంచి నాచారం ఫ్యాక్టరీల దాకా పోయి మళ్ళీ వెనక్కి రావాలి. మగవాళ్ళు ఇరవై మంది, మేం ఐదుగురం. చుడీదారు కాళ్ళకు బట్టల క్లిప్పులు పెట్టుకుని, చున్నీ నడుముకు బిగించి తొక్కాను. నాచారం మలుపు దగ్గర నాలుగు కుక్కలు వెంటపడ్డాయి. నా గెలుపులో సగం పుణ్యం వాటిదే, దాచడమెందుకు. ఆడవాళ్ళలో ఫస్టు వచ్చాను. మొత్తం మీద చూస్తే ఏడోదాన్ని, నా వెనక పధ్నాలుగు మంది మగవాళ్ళు రొప్పుతూ వచ్చారు. మగవాళ్ళలో మౌలాలి నుంచి వచ్చిన ఒక పహిల్వాన్ ఫస్టు, మా అన్న సెకండు.

బహుమతులు సాయంత్రం. అప్పటిదాకా ఆగలేక మధ్యాహ్నమే గిన్నెల మామ దుకాణానికి వెళ్ళాను, డబ్బు కవర్లో ఇస్తారో, చేతికిస్తారో కనుక్కుందామని. అక్కడ పేర్లు కొట్టే మిషను జుయ్‌మని మోగుతోంది. మామ ఒళ్ళో తళతళలాడే స్టీలు బిందె. దాని మీద నా పేరు, ఇంటిపేరుతో సహా, సగం దాకా పడి ఉంది.

“మామా, ఇదేంది?”

“నీ ప్రైజే బిడ్డా! పన్నెండు లీటర్లు పడ్తది. మందం సూడు, అల్కటి సరుకు గాదు.”

“మరి మూడు వేలు?”

“గవి మొగపిల్లలకు. ఆడోళ్ళకు స్టీలు సామాన్లని కాయితంల రాసినం గదా, సూడలేదా?” అని జాలిగా నవ్వాడు. “అయినా పైసలు నువ్వేం జేసుకుంటవ్? బిందైతే రేపు నీ పెండ్లికి పనికొస్తది.”

నాకు నోట మాట రాలేదు. (మా ఇంట్లో ఎవరినడిగినా అది జరగని పని అంటారు.) మరుక్షణం దుకాణంలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేట్టు అరిచాను. “ఒక్కటే రోడ్డు, ఒక్కటే ఎండ, గవే కుక్కలు! మొగోళ్ళకు ఏదిస్తే మాకు గూడ గదే ఇయ్యాలె మామా. అందరికీ సమానం జెయ్యాలె!” గరిటెలు బేరమాడుతున్న ఒకావిడ చేతిలో గరిటె పైకెత్తి “కరెక్టు మాట” అంది. మామ మిషను ఆపాడు. బిందె వంక చూశాడు, నా వంక చూశాడు, గోడకు వేలాడుతున్న మిగతా బిందెల వంక చూశాడు. “సమానమేనా? గంతేనా? సరే పో బిడ్డా. వీళ్ళందరి ముంగట మాటిస్తున్న. సాయంత్రం అందరికీ సమానమే.”

అంత సులువుగా న్యాయం జరిగితే మనిషి నేల మీద నడుస్తుందా? సైకిల్ షాపుకు పోయి, ఎర్ర సైకిలు ఇంకెవరికీ అమ్మొద్దని చెప్పి, దాని గంట రెండుసార్లు మోగించి మరీ ఇంటికొచ్చాను. అమ్మ మాత్రం బియ్యం ఏరుతూ, “గిన్నెల మామ గంత జల్దీ ఒప్పుకున్నడా?” అంది. అమ్మలకు అన్నీ అనుమానాలే అనుకున్నాను.

సాయంత్రం స్టేజీ మీద బల్ల, బల్ల మీద దుప్పటి, దుప్పటి కింద ఏవో గుండ్రటి ఎత్తులు. నేను చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ముందు వరసలో కూర్చున్నాను. మామ మైకు అందుకున్నాడు. “మన బస్తీ ఆడబిడ్డ ఒక మంచి మాట అడిగింది. ఆడ మొగ ఫరక్ ఉండొద్దన్నది. సంఘం ఒప్పుకున్నది!” అంటూ దుప్పటి లాగాడు. ఆరు బిందెలు. పెద్దవి రెండు, నడిమివి రెండు, చిన్నవి రెండు. చప్పట్లకు లేపిన నా చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. మౌలాలి పహిల్వాన్ లేచి, “మామా, మజాక్ చేస్తున్నవా? నా పైసలేవి?” అన్నాడు. మామ తొణక్కుండా పెద్ద బిందె తిప్పి చూపించాడు. పురుషుల ప్రథమ బహుమతి అని, కింద పహిల్వాన్ పూర్తి పేరు. పేరు కొట్టిన సరుకు వాపసు తీసుకునే ఆచారం ఏ స్టీలు దుకాణంలోనూ లేదు. పందెం డబ్బు ఆ బిందెల కిందే జమ అయిపోయింది. అవి ఎవరి దుకాణంలో కొన్నారో చెప్పక్కర్లేదనుకుంటాను. “నన్నేం జూస్తరు? అడిగింది ఆ పిల్లనే” అని మామ మైకులోనే నన్ను చూపించాడు. ఇరవై మంది మగవాళ్ళు ఒకేసారి నా వైపు తిరిగారు. నాచారం కుక్కలే నయమనిపించింది.

మేం ఇంటికి వెళ్ళిన తీరు ఇంకా ఘోరం. గేర్ల సైకిలుకు క్యారియరు ఉండదు కదా, అన్న బిందెను భుజాన పెట్టుకుని సైకిలు నడిపించుకుంటూ ముందు, పది అడుగుల వెనక నేను. గల్లీలోకి రాగానే ఒక పెద్దమ్మ అరుగు మీద నుంచి “ఏడొస్తున్నయ్ రా కొడుకా నీళ్ళు?” అని కేకేసింది. వాడు పళ్ళు కొరుకుతూ పలకలేదు. పలకకపోతే ట్యాంకరు దగ్గరికే పోతున్నాడనుకుని ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వాడి వెంట పరుగెత్తారు. ఇంట్లో అమ్మ ఒక్కతే సంతోషించింది. బాపు రెండు బిందెల మీది పేర్లూ పైకి చదివి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అన్న నాతో నెల రోజులు మాట్లాడలేదు. నేను దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. సైకిలు పోయినందుకు కొంత, న్యాయం అడిగితే ఇలా కూడా ఇస్తారా అన్న దిగ్భ్రమతో ఎక్కువ.

మరుసటి ఏడు పందెం మీటింగుకు నేను వెళ్ళలేదు, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? అక్కడ జరిగింది బాపు వచ్చి చెబితే నమ్మలేకపోయాను. మగపిల్లలంతా ఒక్కటై లేచారట. అందరికంటే ముందు లేచి బల్ల గుద్దింది మా అన్నేనట. “ఆడోళ్ళకు గూడ పైసలే ఇయ్యాలె మామా! మొగోళ్ళకెంతో వాళ్ళకు గంతే! వాళ్ళకు బిందెలని రాస్తే రేపు మా నెత్తిన గూడ అవే పెడ్తవ్. నీ మీద మాకు నమ్మకం లేదు.” పక్కన పహిల్వాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడట. మామ ఆడా మగా ఇద్దరి ఫస్టు ప్రైజుకూ మూడేసి వేలు రాయించాడు. నేను గొంతు చించుకుని తేలేనిది, మా అన్న భుజం మీది బిందె తెచ్చింది.

పందెం జరిగే ఆదివారం నాకు డ్యూటీ పడింది, ఎంత బతిమాలినా లీవు ఇవ్వలేదు. అప్పటికి ఓవర్‌టైం డబ్బులు కూడబెట్టి ఎర్ర సైకిలు కొనుక్కున్నాను లెండి. షిఫ్టు దిగి దాని మీదే నేరుగా స్టేజీ దగ్గరికి వెళ్ళేసరికి, చెంగిచెర్ల నుంచి వచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి, మోకాలికి కట్టుతో, కవరు విప్పి లోపలికి తొంగి చూస్తోంది. నన్నెవరో చూపించినట్టున్నారు, దగ్గరికొచ్చింది. “అక్కా, పోయినేడు ఫస్టు మీరేనట గదా? మీకెంత ఇచ్చిన్రు?”

“పన్నెండు లీటర్లు” అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు. నేనూ విప్పి చెప్పలేదు. ఆ కవరు చూసి కాస్త కుళ్ళుకున్నాను, ఉన్న మాటే చెబుతున్నాను. బిందె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మామ అన్న మాట నిజమే, అల్కటి సరుకు కాదు, ఇన్నేళ్ళయినా ఒక్క సొట్ట పడలేదు. నల్లా నీళ్ళు వచ్చిన రోజు దాన్ని కింద పెడితే నిండేలోపు నా పేరు చదువుకుంటూ నిలబడతాను. పేరులో చివరి రెండు అక్షరాలు వంకరగా ఉంటాయి. నేను అరిచినప్పుడు మామ చెయ్యి అక్కడే అదిరింది.