కాలిన ఇంటి టీ

నందిగామ ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్ భవానీప్రసాద్‌కి ఒకే ఒక్క జబ్బుండేది. ఎక్కడ మంటలార్పినా సరే, ఆ కాలిన ఇంటివాళ్ళ చేతే టీ పెట్టించుకుని తాగితే గానీ ఫైరింజనెక్కేవాడు కాదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఆ వెనకటివాడికే ఖాకీ బట్టలు తొడిగి, నెత్తిన ఇత్తడి టోపీ పెట్టి, సర్కారువారు జీతమిచ్చి మరీ పోషిస్తున్నారని తాలూకా జనం చెప్పుకునేవారు.

అలాగని పనిలో వంక పెట్టడానికి లేదు. జగ్గయ్యపేటలో మిరపకాయల కొట్టు అంటుకున్నప్పుడు ఆ ఘాటుకి వీధికుక్కలు కూడా ఊరు దాటిపోయాయి. ప్రసాద్ మాత్రం తడి తువ్వాలు మూతికి చుట్టుకుని లోపలికి పోయి, మూల నక్కిన వాచ్‌మన్‌ని భుజాన వేసుకొచ్చాడు. దించీ దించగానే అడిగాడు: "బాబాయ్, ఇక్కడ టీ ఎవరు పెడతారు?" వాచ్‌మన్ దగ్గుతూనే దండం పెట్టాడు. ప్రాణం కాపాడినందుకో, ఇక వదిలెయ్యమనో ఎవరికీ తెలియలేదు.

ఈ జబ్బుతో నలిగిపోయినవాడు ఇంజను డ్రైవరు పీరా. నిప్పులోకి దూకమంటే దూకేవాడే గానీ, టీ దగ్గరికొచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయేవాడు.

"అన్నా, ఎక్కు. గరికపాడు దాబాలో నేను తాగిస్తా."

"దాబా టీ నాకెందుకు? ఈ ఇంటి టీ కావాలి."

"ఈ ఇల్లెక్కడుందన్నా ఇంక?"

"ఇల్లు పోతే పోయింది, ఇంటావిడ ఉందిగా!"

అంతటితో పీరా వెళ్ళి స్టీరింగు మీద తల వాల్చుకుని కూర్చునేవాడు. టీ తాగడం పూర్తయ్యేదాకా తలెత్తి చూసేవాడు కాదు.

పోనీ ఇచ్చింది తాగి ఊరుకుంటాడా? వంకలు! "బెల్లం తగ్గిందమ్మా." "పాలు పొగవాసనొస్తున్నయ్." పాలు కాదు, ఊరంతా పొగవాసనే వస్తోందప్పుడు. మైలవరం అవతల చిన్నబాబు గారి గడ్డివాములు తగలబడిన రోజున, ఆయన భార్య రాఘవమ్మ గారి చేత ఇలాగే రెండుసార్లు టీ పెట్టించాడు. చిన్నబాబు గారికి వాములు పోయినందుకన్నా ఇందుకే ఎక్కువ ఒళ్ళు మండింది. తిన్నగా వచ్చి స్టేషనాఫీసరు జగన్నాథరావు ముందు కూర్చున్నారు.

జగన్నాథరావు ఇద్దర్నీ పిలిచాడు. "ఏమయ్యా ప్రసాద్, ఇంకొక్కచోట టీ అడిగావని తెలిసిందా, ఆ టోపీ నా బల్ల మీద పెట్టి ఇంటికి పోవడమే. పీరా, కనిపెట్టి ఉండాల్సింది నువ్వే."

పీరా ఎంత సిగ్గుపడినా, ప్రసాద్ పక్కన లేకుండా ఇంజను నడపడమనేది అతని ఊహకందని సంగతి. ఆ మనిషంటే అంత ప్రాణం.

రోహిణికార్తె మిట్టమధ్యాహ్నం గరికపాడు దగ్గర తాటాకిళ్ళు అంటుకున్నాయి. ఆదెమ్మ పొయ్యిలో నిప్పురవ్వ ఎగిరి ఆమె ఇల్లు మొత్తం పోయింది, పక్కనున్న రత్నమణి ఇల్లు సగం పోయింది. మంటలారాక ఆడవాళ్ళంతా రత్నమణి చుట్టూ చేరి ఓదారుస్తున్నారు. ఆదెమ్మ దగ్గరికి ఒక్కరూ పోలేదు. ఆవిడ బూడిదకెదురుగా చతికిలబడి ఉంది. ఏడుపు లేదు, మాట లేదు.

ప్రసాద్ గొట్టం చుట్టి, బుద్ధిగా వచ్చి ఇంజనెక్కాడు. పీరా అమ్మయ్య అనుకుని స్టార్టు చేశాడు. పక్కకి చూస్తే ప్రసాద్ కళ్ళు ఆదెమ్మ మీదే ఉన్నాయి.

"ఏందన్నా?"

"ఏం లేదు, పోనీ. ఆవిడ ఏడ్చినా బాగుండు. నా నోరు కట్టేశారు గానీ, లేకుంటే ఈపాటికి నన్ను తిట్టిపోస్తా పొయ్యి రాజేసేది. గిన్నె లేదంటే ఎవరో ఒకరు తెచ్చేవోళ్ళు. తెచ్చాక మాట్టాడకుండా ఉండలేరుగా? పోనీ పీరా, ఆర్డరంటే ఆర్డరే."

ఇన్నేళ్ళూ స్టీరింగు మీద తల వాల్చుకుని తను చూడకుండా వదిలేసిందేమిటో పీరాకి అప్పుడు తెలిసింది. ఇంజను ఆపి దిగాడు. ఆదెమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా... కొంచెం టీ పెడతారా?"

ఆదెమ్మ తలెత్తింది. "ఏందీ?"

"టీ అమ్మా."

"నీ దుంపతెగ! కొంప కాలి నేను కూకునుంటే నీకు టీ కావాల్సొచ్చిందా? గిన్నేది? పాలేయి? నా పొయ్యే గదరా ఇంత పని చేసింది!" అంటూ ఘొల్లుమంది. ఏడుస్తూనే లేచి మూడు రాళ్ళు దగ్గరికి జరిపింది.

అంత దూరాన్నుంచి రత్నమణి కేకేసింది. "దానిచేత పొయ్యి ముట్టించబాకండి! ఉన్న సగమూ పోద్ది!" కేకేసి ఊరుకోలేక, తన గిన్నె పట్టుకుని తనే వచ్చింది. "జరుగు, నే ముట్టిస్తా. నువ్వు ఊదమాక తల్లీ, పుల్లలందియ్యి చాలు." ఇంకొకరు పాలు తెచ్చారు, మరొకరు బెల్లం తెచ్చారు.

నష్టం చూడ్డానికి జగన్నాథరావు జీపు దిగేసరికి పీరా చేతిలో గ్లాసుంది.

"పీరా! నువ్వు కూడానా!"

పీరా నోరు తెరిచేలోగా రత్నమణి ఇంకో గ్లాసు ఆఫీసరు చేతిలో పెట్టింది. "తాగండి బాబూ. ఈ మొద్దు మొకందాన్ని ఇయ్యాల మా ఇంట్లోనే పడుకోబెడతా. ఇంటి మీద సగం కప్పన్నా ఉందిగా."

ఒకే పొయ్యి దగ్గర కూర్చుని తిట్టుకుంటున్న ఆ ఇద్దర్నీ, ఇంజన్లో బుద్ధిగా కూర్చున్న ప్రసాద్‌నీ జగన్నాథరావు కాసేపు చూశాడు. టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇక్కడ టీ ఎవరడిగారో నాకు తెలియదు. ఇకమీదట కూడా తెలియదు," అని జీపెక్కాడు.

దారిలో గుర్తొచ్చి పీరా నాలిక్కరుచుకున్నాడు. "అన్నా, నీకు అందనే లేదే! దాబా దగ్గర ఆపనా?"

"వద్దులే. నాకసలు టీ పడదు. తాగితే తెల్లార్లూ నిద్రుండదు."

"మరి ఇన్నేళ్ళూ?"

"నిద్రపోలేదు," అన్నాడు ప్రసాద్. టోపీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి, నందిగామ వచ్చేదాకా గురకపెట్టి నిద్రపోయాడు. పీరా గతుకులు తప్పిస్తూ మెల్లగా నడిపాడు.