మొండితోకకు ఇల్లు చూసిన సంగతి

ఆ రోజుల్లో నాకు కోపం తెచ్చుకోవడానికి పెద్ద కారణం అక్కరలేదు. పందొమ్మిదేళ్ల వయసు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ లోటు తీర్చుకోవాలని రోజూ సాయంత్రం కర్నూలులోని మా పఠనమందిరానికి పోయి, దొరికిందల్లా చదివేవాణ్ణి. అక్కడ పుస్తకాల బీరువాలు రెండే ఉండేవి. ఒకటి మొత్తం, రెండోదానిలో సగం చదివేశాను (వ్యవసాయశాఖ వారు పంపిన ఎరువుల పుస్తకంతో సహా). బీరువాన్నర చదివినవాడికి చదవనివాళ్ల మీద కోపం వస్తుంది. చదివి కూడా చదివినట్టు నడుచుకోనివాళ్ల మీద అంతకంటే ఎక్కువ వస్తుంది. అంటే ఊళ్లో నా కోపం తగలకుండా తప్పించుకోగలవాడు ఎవడూ లేడన్నమాట. ఇప్పుడు ఆ పిల్లి సంగతి రాయబోతుంటే ఆ వేడి మళ్లీ తగులుతోంది. ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారినట్టు లేదు.

నేను అప్పుడు అక్క ఇంట్లో ఉంటూ, బావ బట్టల అంగట్లో గుడ్డ కొలిచే పని చేస్తున్నాను. మా వీధిలో ఇళ్లన్నీ మట్టి మిద్దెలే. గోడకు గోడ ఆనించి కట్టినవి కాబట్టి, ఒక మిద్దె ఎక్కితే వీధి చివరిదాకా పైపైనే నడిచి పోవచ్చు. కిటికీలు తక్కువ. అందుకని ప్రతి ఇంటికీ మిద్దె నడుమ వెలుతురు కోసం ఒక కంత ఉండేది. దాన్ని గవాచి అంటారు. వానొస్తే పైకి పోయి దాని మీదికి ఒక బండ లాగేయాలి. మాకు వానలు తక్కువ కాబట్టి ఆ పని ఏడాదికి ఎన్నో సార్లు పడేది కాదు.

ఒకరోజు అంగడి నుంచి వస్తుంటే, ఇల్లు కట్టడానికి తెచ్చి పెట్టిన నాపబండల దొంతర కింద నుంచి పిల్లి ఏడుపు వినిపించింది. బండలు దించేటప్పుడు అది సందులోకి దూరిందట. కూలివాళ్లిద్దరిని బతిమాలి ఒక్కొక్క బండే తీయించాను. నేనూ తీశాను. ఒకటి నా కాలి బొటనవేలి మీద పడి గోరు ఊడింది. పిల్లి బతికింది గానీ తోక సగానికి నలిగి, తరవాత ఆ ముక్క ఊడిపోయి, దాని పేరే మొండితోక అయింది. ఇంటికి తెచ్చి పసుపు పెట్టి కట్టు కట్టాను. అక్క కొబ్బరిచిప్పలో పాలు పోసింది. బావ మాత్రం తన అంగడి సరుకు మీద దాని గోళ్లు పడినట్టే చూశాడు. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు అది నిజంగానే ఒక ధోవతుల కట్టను గీరేసింది.

"శనివారం కోడుమూరు బండి పోతాది" అన్నాడు బావ. "అంతలోపల దీనికి యాడన్నా ఇల్లు జూడు. ల్యాకుంటే గోనెలో కట్టి హంద్రీ ఇసకలో ఇడిసి రమ్మని బండోనికి జెప్తా."

హంద్రీ నది ఇసుకలో శ్మశానం పక్కన తిరిగే కుక్కల గుంపును చూసినవాళ్లకు ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. ఆరోజు మంగళవారం. నాకు నాలుగు రోజుల గడువు ఉంది. బీరువాన్నర చదువు ఉంది. ఇల్లు దొరక్కపోవడమేమిటి అనుకున్నాను.

మొదట పఠనమందిరం సెక్రటరీ గారి ఇంటికి పోయాను. ఆయన వకీలు. అంతకుముందు ఆదివారమే జీవకారుణ్యం మీద గంటన్నర ఉపన్యసించారు. ఆ సభకు చాపలు పరిచింది నేనే. ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నవాళ్లలోనూ నేను ఉన్నాను. పిల్లిని బుట్టలోంచి తీసి చూపించగానే ఆయన చూపు తిన్నగా తోక ఉండవలసిన చోటికి పోయింది. "అబ్బాయీ, నేను రోజూ కోర్టుకు పోవాల్సినవాణ్ణి" అన్నారు. "మామూలు పిల్లి ఎదురొస్తేనే కేసు వాయిదా పడుతుంది. తోక లేనిది ఎదురొస్తే నా కక్షిదారుణ్ణి ఉరి తీస్తారు." తరవాత, ఆదివారం తన ఉపన్యాసం ఎట్లా ఉందని అడిగారు. బాగుందన్నాను. అట్లా అన్నందుకు ఇంటిదాకా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను.

తరవాత మా ఎదురింటి నెయ్యవ్వ. పత్తికొండ వైపు పల్లెల నుంచి వెన్న తెప్పించి కాచి అమ్మేది. ఎలుకల బాధ ఆమెకే ఎక్కువని నా లెక్క. ఊరికే అడిగితే నా చదువు ఏం కావాలి? ఈజిప్టు దేశంలో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకుని మైల పాటించేవారని వివరంగా చెప్పాను. అవ్వ చివరిదాకా శ్రద్ధగా విన్నది. "అట్లయితే దాన్ని ఆడికే పంపీ నాయనా" అంది. "ఈడ నా నెయ్యి తాగి సచ్చిందంటే పాపం నాకు, కనుబొమలూ నాయే."

ఇట్లా ఇంకో నాలుగిళ్లు. ఒకరికి పూజలు అడ్డం, ఇంకొకరికి చంటిపిల్ల అడ్డం. పిల్లి వద్దని సూటిగా అంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. అందరూ "అయ్యో పాపం" అని దాని తల నిమిరి మరీ వద్దన్నారు.

శుక్రవారానికి మిగిలింది వీధి చివర దూదితాత ఇల్లు ఒక్కటే. ఆయన దూదేకుల ముసలాయన. భార్య పోయింది. ఒక్కడే పొద్దస్తమానం విల్లు మోగిస్తూ దూది ఏకి, పరుపులు కుట్టి ఇచ్చేవాడు. నిజం చెప్పాలంటే ఆయన్ను నేను చివరికి మిగుల్చుకున్నది చదువురాని మనిషి అనే. నేను గడపలో నిలబడి అడిగితే ఆయన విల్లు ఆపాడు.

"నాకొద్దప్పా" అన్నాడు. "పిల్లి బొచ్చు దూదిలో కలిసిందంటే ఏరేదానికి నా కండ్లు సాలవు. పరుపు కుట్టిచ్చుకున్నోళ్లు ఊరుకుంటారా?"

అందరూ చెప్పిన కారణాల్లోకీ న్యాయమైన కారణం అదొక్కటే. కానీ అప్పటికి మూడు రోజులుగా పోగుచేసుకున్న కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. వకీలు గారి ముందు నోరు లేవలేదు. అవ్వ ముందు మాట తోచలేదు. ఈ ముసలాయన ఒంటరివాడు, పేదవాడు, మెత్తగా మాట్లాడేవాడు. ఆయన మీద దించాను. వీధిలో పదిమంది వింటుండగా, "అక్షరం ముక్క రాని నీకు జీవకారుణ్యం గురించి చెప్పడానికి వచ్చానే, నాదీ తప్పు" అన్నాను. ఆయన మళ్లీ విల్లు అందుకున్నాడు. నేను గెలిచినట్టే నడిచి వచ్చాను.

శనివారం తెల్లవారి చూస్తే బుట్ట ఖాళీ. బండి అప్పటికే పోయింది. బావ మీద విరుచుకుపడ్డాను. ఆయన తన పిల్లల మీద ఒట్టేసి నేను పంపలేదన్నాడు. నేను నమ్మలేదు. రెండు పూటలు అన్నం మానేశాను (మూడో పూట అక్క వంకాయ కూర చేసింది). పని అయ్యాక రోజూ హంద్రీ ఇసుకలో తిరిగి పొదలన్నీ వెతికాను. దాదాపు రెండు వారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పఠనమందిరంలో సెక్రటరీ గారి ముఖం కనబడకుండా యుద్ధం వార్తల పత్రికను అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. దూదితాత మాత్రం మూడుసార్లు గడపలోంచి పిలిచాడు. "ఏమప్పా, ఇట్రా, ఓ మాట" అని. తిట్టడానికే అనుకుని మూడుసార్లూ ముఖం తిప్పుకుని పోయాను.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం, అన్నానికి ఇంటికి వచ్చి ఉండగా, పడమర నల్లగా కమ్ముకుని, ఆ ఏటి మొదటి వాన దబదబా దిగింది. గవాచి మూయమని అక్క అరిస్తే పైకెక్కి మా బండ లాగాను. వీధిలో అందరూ వాళ్ల వాళ్ల బండలు లాగేసి దిగిపోయారు. చూపు సాగినంతవరకూ మిద్దెలన్నీ మూతపడి ఉన్నాయి, చివరిది తప్ప. ముసలాయన నిద్రపోతున్నట్టున్నాడు, ఇల్లంతా దూది, తడిస్తే ఆయన బతుకు ఏం కాను అనుకున్నాను. అనుకున్నాను గానీ కోపం తగ్గిందని కాదు. ఆయనకు మేలు చేయవలసి వచ్చినందుకు ఇంకా మండింది. ఆ మంటలోనే జారుతూ, బురద తొక్కుకుంటూ వీధి చివరిదాకా పోయి, ఆ బండ మీద చెయ్యి వేశాను.

కింద నుంచి గొంతు వినిపించింది. "మూయాకప్పా. అది ఇంగా రాల్యా."

వంగి చూశాను. గవాచిలోంచి వాన ధారగా పడుతోంది. దాని కింద గంగాళం పెట్టి ఉంది, అది ఎప్పుడో నిండి పొర్లుతోంది. ఏకిన దూదంతా మంచం మీదికి కుప్ప చేసి, దాని మీద తన దుప్పటి, బొంత, పండుగకు కట్టుకునే పంచె కూడా కప్పేశాడు. నేల మీద చీలమండ లోతు నీళ్లు. ఆ నీళ్లలో చిన్న పీట వేసుకుని, ఒంటి మీద తడిసిన చొక్కాతో దూదితాత పైకి చూస్తూ కూర్చుని ఉన్నాడు.

మిద్దె దిగి లోపలికి పోయాను. ఏదో అడగాలి కాబట్టి, పిల్లి వద్దన్నావు కదా అని అడిగాను.

"నువ్వు దెచ్చి ఇస్తే వద్దన్యా" అన్నాడు. "అదే వొచ్చి కాళ్ల కాడ పండుకుంటే ఏం జేద్దు? నీకు జెప్పాలని మూడుతూర్లు పిలిస్తి. నువ్వు నిలబడ్తే గదా."

అంతలో పైన గవాచిలోంచి మొండితోక దూకింది. నిలువునా తడిసిపోయి ఉంది. దానికోసం గోరు పోగొట్టుకున్నవాణ్ణి, రెండు పూటలు పస్తున్నవాణ్ణి, కనీసం ఒకసారి నావైపు చూస్తుందనుకున్నాను. నా కాళ్ల మధ్య నుంచి నడిచిపోయి, మంచం ఎక్కి, పంచె అంచు కింద దూరి, తెల్లటి దూదిలో తడి ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. నాకు పిల్లి మీద కూడా కోపం వచ్చింది. ముసలాయన లేచి పంచె సర్ది దాన్ని బాగా కప్పాడు. దూది సంగతి ఎత్తలేదు.

క్షమించమని అడగాలని నాకు తెలుసు. దానికి తగిన వాక్యాలు చదివిన పుస్తకాల్లో ఎన్నో ఉన్నాయి. ఒకటి ఎంచుకుని, గొంతు సవరించుకుని, "తాతా, ఆరోజు నేను అజ్ఞానంతో..." అని మొదలుపెట్టాను.

"అవన్నీ మళ్లెప్పుడన్నా జెప్పుదువు గానీ" అన్నాడాయన. "ముందు పైకి పోయి ఆ బండ మూయి."

పోయి మూశాను. ఆ మాట మళ్లెప్పుడూ చెప్పలేదు. పిల్లి ఆయన పోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. బొచ్చు కలిసిందని పరుపులు వాపసు తెచ్చినవాళ్లు కూడా ఒకరిద్దరు ఉన్నారు. నేను రెండో బీరువా పూర్తిచేసి, ఆ తరవాత ఇంకా చాలా బీరువాలు చదివాను. ఎప్పుడైనా వాన పట్టినప్పుడు మాత్రం, చిత్తుగా తడిసి, బురద మిద్దె మీద బరువైన బండను రెండు చేతులతో లాగుతూ, ఈ కోపం ఇప్పుడు ఎవరి మీద చూపాలో తెలియక బిత్తరపోయి ఉన్న ఆ పందొమ్మిదేళ్లవాడు కనిపిస్తాడు. పోయి ఒక చెయ్యి వేద్దామనిపిస్తుంది. వాడు ఒప్పుకోడు.