ఉగాదికి ముందటి గొంతు

హైటెక్ సిటీలో సగం మందికి పని నేర్పింది నా గొంతే. ఈ అద్దాల మేడలు ఇంత తళతళలాడుతున్నాయంటే వాటి వెనక నా పాఠాలున్నాయి.

సరే, సగం మంది అనడం కొంచెం ఎక్కువే. మాదాపూర్‌లో మూడు భవనాల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు. వాళ్లకైనా కొన్నాళ్లే.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఒక చిన్న ఆఫీసులో చేరాను. కంపెనీలు తమ పనివాళ్లకు ఫోన్‌లో చూపించే పాఠాలు అక్కడ తయారవుతాయి. కదిలే బొమ్మలు, పక్కన ఓ గొంతు, చివర రెండు ప్రశ్నలు. తెలుగు దిద్దడం, చదివి రికార్డు చేయడం నా వంతు. రేడియోలో చేశానని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

పాఠాలు కట్టేది కడప నుంచి వచ్చిన అమ్మాయి. ఆ సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్‌లో ఉండదు, ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉంటుంది. చేసిన పాఠాలూ అక్కడే ఉంటాయి. ఆమె క్లౌడ్ అనేది, నేను మబ్బు అనేవాణ్ణి. ఎప్పుడైనా ఆ తలుపు మూసేస్తే చేతిలో ఒక కాపీ ఉండాలని, అప్పుడప్పుడు పాఠాలను మా కంప్యూటర్‌లోకి దించి పెట్టేది.

నా మొదటి పాఠం బాత్‌రూములు కడిగే మందుల గురించి. రికార్డు చేశాక, మాదాపూర్‌లో ఆ ఆడవాళ్ల ఎదుట కూడా ఒకసారి నేనే చదివాను. ‘దయచేసి గమనించగలరు. ఆమ్లమును, విరంజన చూర్ణమును ఏకపాత్రయందు కలుపరాదు’ అని గంభీరంగా మొదలుపెట్టాను. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆవలింతల వల్ల వచ్చిన నీళ్లవి. అక్కడే ఉన్న వాళ్ల సూపర్‌వైజరమ్మ, పాలమూరు మనిషి, లేచి నిలబడింది.

“ఏంది సారూ గిది? పోరిలు పండుకుంటున్నరు. నేను చెప్త జరుగుండ్రి.” వాళ్ల వైపు తిరిగింది. “అక్కలారా, జర ఇనుండ్రి. ఆసిడ్‌ల బ్లీచింగ్ కలిపిన్రనుకో, పొగ లేస్తది. సీదా దవాఖానకే పోతరు. సమజైందా?”

అందరికీ సమజైంది. కడప అమ్మాయి అప్పుడే ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఉగాది తర్వాత సూపర్‌వైజరమ్మను పిలిపించి పాఠాలన్నీ ఆమె చేతే చెప్పించారు. నా గొంతు తీసేశారు. నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను. రెండు రోజులు ఆ అమ్మాయితో సరిగ్గా మాట్లాడలేదు.

ఎండాకాలంలో మా ఆఫీసును ఇంకో పెద్ద ఆఫీసు కలుపుకుంది. పాఠాలన్నీ వాళ్ల ఖాతాలోకి మారాలి. మా పాత ఖాతా శుక్రవారం సాయంత్రం మూత. అమ్మాయి దించి పెట్టిన కాపీలను కొత్త ఖాతాలోకి ఎక్కించింది. ‘అన్నీ భద్రం’ అని మేనేజరుకు చెప్పేసింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం నా దగ్గరికొచ్చింది.

“సార్, దించితే సరిపోదు. తెరిచి చూసినంకనే దించినట్టు. ఒత్తులు, గుణింతాలు యాడైనా చెడినాయేమో రవ్వంత చూడండి సార్.”

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ‘దయచేసి గమనించగలరు’ అంది నా గొంతు.

వెంటనే లేచి పరుగెత్తాను అని ఇన్నాళ్లూ అందరికీ చెబుతున్నాను. వెంటనే కాదు. ఆ పాఠం చివరిదాకా విన్నాను. ఎంత బాగా పలికానో! రెండోది పెట్టాను, అదీ నా గొంతే. ఒక్క అక్షరం చెడలేదు. నన్ను చూడమన్నవి అక్షరాలే కదా అని మనసుకు సర్ది చెప్పుకుని కిందికి టీకి వెళ్లాను.

టీ బండి దగ్గర ఆ సూపర్‌వైజరమ్మే ఉంది.

“సారూ, నీకు చెప్పలే గదా! సోమారం మా పెద్దసార్లు నా పాఠాలు ఇంటరంట. మంచిగనిపిస్తే నానక్‌రామ్‌గూడ కొత్త బిల్డింగ్‌ల నన్ను ట్రైనర్‌ని చేస్తరంట. ఇగ పొద్దుగాల లేసి అంతస్తులు తిరిగే పని లేదు. మోకాళ్లు బతుకుతయ్.”

“నీ పాఠాలు వినే నిర్ణయిస్తారా?”

“మరి? నా మొఖం చూసి ఇస్తరా? గొంతు చూసే! నీ గొంతు పక్కన పెట్టిన్రని ఏమనుకోకు సారూ.”

“ఛ, నేనెందుకు అనుకుంటానమ్మా” అన్నాను. టీ సగంలో వదిలేసి లిఫ్టు ఎక్కాను.

“అమ్మాయ్, ఆ కాపీల్లో ఉన్నది నా గొంతు.”

ఆమె హెడ్‌ఫోన్ లాక్కుని విన్నది. ముఖం పాలిపోయింది. “అయ్యో దేవుడా! ఇవి ఉగాదికి ముందు దించినవి సార్. ఆయమ్మ చెప్పింది ఉగాది తర్వాత గదా!”

“పైన మబ్బులో మార్చారు కదా. కింద ఉన్నది దానంతటదే మారదా?”

“ఎట్ల మారుతుంది సార్? మనం ఫొటో తీయించుకున్నంక మీసం తీసేస్తే, గోడ మీది ఫొటోలో మీసం పోతుందా?”

నాకు మీసం లేదు. అయినా అర్థమైంది.

సాయంత్రం దాకా ఇద్దరం కదల్లేదు. పాత ఖాతాలోంచి ఒక్కో పాఠం దించడం, కొత్త ఖాతాలోకి ఎక్కించడం, తెరిచి వినడం. ఆ రక్షణ యజ్ఞాన్ని నేనే నడిపించానని మా ఇంట్లో అనుకుంటారు. నేను చేసింది వినడమే. “ఇది ఆమెదే”, “ఇదీ ఆమెదే” అని చెప్పడమే. చివరి పాఠం దిగుతూ దిగుతూ ఆగిపోయింది. అమ్మాయి గోళ్లు కొరుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టింది. చీకటి పడకముందే అది కూడా దిగింది. తెరిస్తే ‘అక్కలారా’ అంది. కాసేపటికి పాత ఖాతా తలుపు మూసుకుంది.

“మధ్యాహ్నం అంతసేపు ఎక్కడికి పోయినారు సార్?” అని అప్పుడు అడిగింది అమ్మాయి.

“టీకి.”

“విన్నంకనా, వినకముందా?”

కడప వాళ్లతో ఇదే చిక్కు. “విన్నాకే” అన్నాను. ఆమె బ్యాగు సర్దుకుంది. ఉగాదికి ముందటి కాపీలు మాత్రం చెరపలేదు. చెరపొద్దని నేను అడగలేదు కూడా. అడిగాను, చిన్నగా.

సోమవారం గడిచింది. బుధవారం సూపర్‌వైజరమ్మ మా ఆఫీసుకే వచ్చింది. ఉద్యోగం వచ్చింది. అయితే అక్కడ కొత్తవాళ్లంతా ఒకే హాల్లో కూర్చుంటారట, మైకు పట్టుకుని చెప్పాలట.

“మైకు పట్టుకుంటే కీ అని కూస్తది సారూ. నువ్వు రేడియోల చేసినోనివి గదా, జర చెప్పరాదు.”

మైకును నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో, స్పీకరుకు ఎదురుగా ఎందుకు నిలబడకూడదో చూపించాను. ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. ఆ శ్రద్ధ చూసి నాకే ఉండబట్టలేదు.

“ఒక మాటమ్మా. నేను రేడియోలో చేయలేదు. బస్టాండులో అనౌన్స్‌మెంట్లు చెప్పేవాణ్ణి.”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నాకెరికే సారూ! మొదటి దినమే ఎరిక. ‘దయచేసి గమనించగలరు’ అన్నవ్ సూడు, మా పోరి ఒకతి సంచి పట్టుకుని లేసింది, బస్సొచ్చిందని.”